నక్క తోక, గులాబి తోక

అదృష్టం వరించినవాణ్ణి చూసి ‘నక్క తోక తొక్కి వచ్చావా?’ అని అడగడం తెలుగువారి అలవాటు. జపాను దేశంలో ఇటువంటి తోక మరొకటి ఉన్నది. అది నక్కది కాదు, రంగు గులాబి. 1991 జూలైలో స్క్వేర్ అనే కంపెనీ విడుదల చేసిన ‘ఫైనల్ ఫాంటసీ 4’ అనే వీడియో గేమ్‌లో కథ చివరికి చంద్రగోళం దాకా పోతుంది. ఆ గోళం గర్భంలోని సొరంగాల నడుమ ఒకే ఒక గదిలో, గులాబిరంగు ముద్దల వంటి భూతాలు అయిదు కలిసి, ఎప్పుడో గాని ప్రత్యక్షం కావు. ప్రత్యక్షమైనప్పుడు వాటిని చంపితే, ఆ అయిదింటిలో ఏదో ఒకటి, బహు అరుదుగా, ఒక తోకను విడిచిపోతుంది. భూలోకంలో ఒక గుహలో తోకలు సేకరించే పిచ్చి గల చిన్న మనిషి ఒకడు కాపురమున్నాడు. తోక అతనికిస్తే, ఆటలోకెల్లా దృఢమైన కవచం బదులుగా ఇస్తాడు.

కథ పూర్తి కావడానికి ఈ కవచం అవసరం లేదు. అంతేకాదు, ఆ భూతాలను అన్నిసార్లు చంపగల స్థితికి చేరినవాడికి ఇక కవచంతో పనేమిటన్న ప్రశ్న కూడా సహజమే. అయినా మూడు దశాబ్దాలుగా ఎందరో ఆ గదిలో గంటల తరబడి అటూ ఇటూ పచార్లు చేశారు. ఒక్కొక్క అడుగూ ఒక్కొక్క చీటీ ఎత్తడం వంటిది.

ఈ వ్యవహారంతో పరిచయం లేని పాఠకులకు రెండు మాటలు చెప్పవలసి ఉన్నది. ఇటువంటి ఆటలలో ఆడేవారు ఒక వీరుడి పాత్ర ధరించి, కత్తో మంత్రమో చేతబట్టి, కల్పిత లోకంలో సంచరిస్తూ, ఎదురైన రాక్షసులనూ మృగాలనూ సంహరిస్తూ పోతారు. చచ్చిన రాక్షసుడు నాలుగు నాణేలో, ఒక మూలికో, తుప్పు పట్టిన బాకో వదులుతాడు. దీనికి ‘డ్రాప్’ అని పేరు. చెట్టునుంచి కాయ రాలినట్లు రాలినది అని భావం. రాలేవి చాలావరకు తాలుగింజలే. నూటికో వెయ్యికో ఒకసారి గట్టి గింజ ఒకటి పడుతుంది. దాని కోసం ఒకే రాక్షసుణ్ణి ఒకే చోట వందలసార్లు చంపడాన్ని ఆటగాళ్లు ‘ఫార్మింగ్’, అంటే సేద్యం, అన్నారు. ఆ పేరు పెట్టినవాడికి వ్యవసాయం కొంత తెలిసే ఉండాలి. దున్నడం తన వంతు, వాన తన చేతిలో లేదు.

ఈ ఆచారానికి మూలం పాచికలలో ఉన్నది. 1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు అమెరికన్లు రూపొందించిన ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ అనే ఆట వెలువడింది. దానికి కావలసినవి కాగితం, పెన్సిలు, పాచికలు, నలుగురు స్నేహితులు, ఒక బల్ల. రాక్షసుడి గుహలో ఏమి దొరకాలన్నది నిర్వాహకుడు పట్టిక చూసి, పాచిక వేసి తేల్చేవాడు. 1979లో నిర్వాహకుల కోసం వెలువడిన గ్రంథంలో ఈ పట్టికలు పేజీలకు పేజీలున్నాయి. పది ముఖాల పాచికలు రెండు వేస్తే ఒకటి నుంచి నూరు వరకు ఏదో ఒక అంకె వస్తుంది. ఆ అంకె ఎదుట ఏ కత్తి పేరుంటే ఆ కత్తి. 1980 ప్రాంతంలో మైకేల్ టాయ్, గ్లెన్ విచ్‌మన్ అనే కాలిఫోర్నియా విద్యార్థులు ‘రోగ్’ అనే ఆటను కంప్యూటరుకెక్కించారు. నాటినుంచి పాచిక వేసే పని యంత్రానిదయింది. చూడడానికి ఇది చిన్న మార్పు. బల్ల మీద పాచిక అందరి కళ్లెదుట పడుతుంది. పడనప్పుడు నిర్వాహకుడు జాలిపడి చూసీ చూడనట్లు పోవచ్చు. యంత్రం లోపల పడే పాచిక ఎవరికీ కనిపించదు, దానికి మొగమాటమూ లేదు.

ఆ కాలపు యంత్రాలకు మరొక లక్షణం ఉండేది. వాటి లెక్కలకు ఆధారమైన ‘బైట్’లో సున్న నుంచి 255 వరకు, అంటే 256 విలువలకు మాత్రమే చోటున్నది. అందుచేత పాత జపాను ఆటలలో అరుదైన వస్తువుల లెక్క నూటికి ఇంత అని ఉండదు. 64లో ఒకటి, 128లో ఒకటి, 256లో ఒకటి అని ఉంటుంది. 1999లో వచ్చిన ‘పోకెమాన్’ ఆటలలో మామూలు రంగు కాక వింతరంగు జంతువు ఎదురుపడే అవకాశం 8,192లో ఒకటి. రెండును పదమూడుసార్లు వేసి గుణిస్తే వచ్చే సంఖ్య అది. వేటగాడి రాత్రులను మింగిన ఆ అంకెలో ఋషిశాపమేమీ లేదు. తయారీ గదిలో ఎవరో ఒకరు పట్టికలో ఒక అంకె వేసి పక్క గడికి పోయారు, అంతే.

ఈ అంకెలలో 128 మీద కాస్త ఆగడం మంచిది. 1994 ఆగస్టులో జపానులో ‘మదర్ 2’ అనే ఆట వచ్చింది. రచయిత షిగెసాటో ఇటోయి. మరుసటి సంవత్సరం అమెరికాలో ‘అర్త్‌బౌండ్’ అనే పేరుతో అమ్మారు. నలుగురు పిల్లలు లోకాన్ని కాపాడే కథ అది. వారిలో పూ అనే పేరుగల తూర్పుదేశపు రాకుమారుడొకడున్నాడు. మిగిలిన ముగ్గురికీ అంగళ్లలో ఆయుధాలు దొరుకుతాయి. రాకుమారుడికి మాత్రం అవి అచ్చిరావు. పట్టుకొంటే అతని బలం పెరగడానికి బదులు తరుగుతుంది. ఆట మొత్తంలో అతనికి తగిన ఆయుధం ఒక్కటే, రాజుల ఖడ్గం. అది ఏ అంగడిలోనూ లేదు, ఏ పెట్టెలోనూ లేదు. స్టోన్‌హెంజ్ అడుగున గ్రహాంతరవాసులు కట్టుకొన్న స్థావరంలో ‘స్టార్‌మన్ సూపర్’ అనే జాతి భటులుంటారు. వారిలో ఒకణ్ణి చంపితే ఆ ఖడ్గం రాలే అవకాశం 128లో ఒకటి.

ఇంతవరకైతే ఓపికకు పరీక్ష మాత్రమే. మెలిక మరొకటున్నది. స్థావరం చివర ఉన్న నాయకుణ్ణి ఓడించగానే ఆ భటులందరూ మాయమవుతారు, తిరిగి రారు. కథ ముందుకు నడవాలంటే నాయకుణ్ణి ఓడించక తప్పదు. ఖడ్గం కావాలంటే ఓడించకుండా ఆగాలి. ఆట ఈ సంగతి ఎక్కడా చెప్పదు. తెలియనివాడు హాయిగా గెలిచి ముందుకు పోతాడు. రాకుమారుడు వట్టి చేతులతోనే లోకాన్ని కాపాడుతాడు. తెలిసినవాడు తలుపు ఇవతల ఆగిపోతాడు. అతనికి గెలవడం చేతనవును, గెలవడం లేదు.

ఎంతకాలం ఆగాలి? 128 మందిని చంపితే ఒక ఖడ్గం ఖాయమని చాలామంది అనుకొంటారు. కాదు. 89 మందిని చంపేసరికి ఖడ్గం దొరికే అవకాశం సగానికి కాస్త పైగా వస్తుంది. 128 మందిని చంపినవారిలోనూ నూటికి దాదాపు 37 మంది వట్టి చేతులతో మిగులుతారు. అంతకు మూడు రెట్లు, అంటే 384 మందిని చంపినవారిలో సైతం నూటికి అయిదుగురికి ఏమీ దొరకదు. ఆ అయిదుగురిలో ఒకడు 385వ భటుడి ఎదుట నిలిచి, ‘ఇంత కష్టపడ్డాను గదా, ఇక రాక ఏమవుతుంది?’ అనుకొంటాడు. అతనికి ఉన్న అవకాశం మొదటి భటుడి ఎదుట ఎంతో ఇప్పుడూ అంతే, 128లో ఒకటి. కష్టం లెక్క అతని దగ్గరుంది గాని పాచిక దగ్గర లేదు.

ఈ పొరపాటు వీడియో ఆటలతో పుట్టింది కాదు. 1913 ఆగస్టు 18న మాంటీకార్లో జూదశాలలో చక్రం మీది గోళీ వరుసగా 26 సార్లు నల్లగడిలో పడింది. ఇక ఎర్రది రాక తప్పదని నమ్మి అక్కడివారు పందెం రెట్టింపు చేస్తూ పోయి విపరీతంగా నష్టపోయారు. మన ఇళ్లలో అష్టాచెమ్మా ఆడే పెద్దవారు సైతం, నాలుగు గవ్వలూ బోర్లా పడనప్పుడు వాటిని గుప్పిట్లో మరికాస్త గట్టిగా కలిపి, నోటిదగ్గర పెట్టి ఊది వేయడం అందరూ ఎరిగినదే.

యంత్రానికి జ్ఞాపకం అమర్చడం కష్టమైన పని కాదు. 2020 సెప్టెంబరులో చైనా కంపెనీ ఒకటి విడుదల చేసిన ‘గెన్‌షిన్ ఇంపాక్ట్’లో, చీటీ ఎత్తి వీరులనూ ఆయుధాలనూ పొందే ఏర్పాటున్నది. వీరుల చీటీలలో 89 సార్లు మేటి బహుమతి రాకపోతే 90వ సారి తప్పక వస్తుంది. ఆటగాళ్లు దీనికి ‘పిటీ’, అంటే జాలి, అని పేరు పెట్టుకొన్నారు. అయితే ఆ చీటీలను డబ్బు పెట్టి కొనవచ్చు. చైనా ప్రభుత్వం 2017 మే నుంచే ఇటువంటి చీటీల అవకాశాలు ఎంతెంతో కంపెనీలు బయటపెట్టాలని ఆదేశించింది. అంటే, డబ్బు చేతులు మారే చోట యంత్రం లెక్క చెబుతుంది, జాలి కూడా చూపుతుంది. కత్తి పట్టి కష్టపడేవాడికి ఆ మర్యాద దక్కడం తక్కువ.

యంత్రం వేసే పాచిక నిజానికి పాచిక కాదన్న మాట కూడా ఇక్కడే చెప్పాలి. కంప్యూటరుకు యాదృచ్ఛికంగా ఏదీ చేయడం చేతకాదు. అది ఒక సంఖ్యను తీసుకొని, మరొక సంఖ్యతో గుణించి, ఇంకొకటి కలిపి, వచ్చిన దానిలో కొంత కత్తిరించి, దానినే అదృష్టమని మనకు చూపుతుంది. తర్వాతి అదృష్టం ఆ సంఖ్యనుంచే పుడుతుంది. మొదటి సంఖ్య తెలిసినవాడికి తక్కినవన్నీ తెలుస్తాయి. భారతంలో ఋతుపర్ణ మహారాజు దారిలో కనబడిన తాండ్రచెట్టు ఆకులనూ కాయలనూ చూపుతోనే లెక్కించి, నలుడికి అక్షహృదయమనే విద్య ఉపదేశించిన ఘట్టం పాఠకులకు గుర్తుండే ఉంటుంది. పోకెమాన్ ఆటగాళ్లలో నేటికీ అటువంటి ఋతుపర్ణులున్నారు. యంత్రం గడియారాన్ని ఒక క్షణానికి సరిదిద్ది, లెక్క వేసి, సెకనులో చిన్న భాగం కూడా తప్పకుండా మీట నొక్కి, 8,192లో ఒక్కటైన జంతువును మొదటి ప్రయత్నంలోనే రప్పిస్తారు. వారిని చూసి తక్కిన వేటగాళ్లు అబ్బురపడతారే గాని అంతగా అసూయపడరు. అదృష్టం లేకుండా దొరికినది తమ వేటకు సంబంధించినది కాదని వారి భావం కాబోలు.

అక్షహృదయం తెలియని సామాన్యులకు మిగిలేవి నమ్మకాలు. అమెరికా మనస్తత్వ శాస్త్రజ్ఞుడు బి. ఎఫ్. స్కినర్ 1948లో ఒక ప్రయోగం ప్రకటించాడు. ఎనిమిది పావురాలను వేరువేరు పెట్టెలలో ఉంచి, అవి ఏమి చేసినా చేయకపోయినా నియమిత కాలానికి గింజలు పడే ఏర్పాటు చేశాడు. ఎనిమిదింటిలో ఆరు పావురాలు ఒక్కొక్కటి ఒక్కొక్క తంతు అలవరచుకొన్నాయి. ఒకటి పెట్టెలో ఎడమగా ప్రదక్షిణాలు చేయసాగింది, మరొకటి పై మూలకు తల విసరసాగింది. గింజ పడిన క్షణంలో ఏమి చేస్తూ ఉన్నదో, దానివల్లనే గింజ పడిందని ప్రతి పావురమూ నమ్మినట్లు కనిపించింది. తర్వాతి కాలంలో స్కినరూ ఆయన సహచరులూ మరొకటి గమనించారు. ఎన్నిసార్లు పొడిస్తే గింజ పడుతుందో స్థిరంగా లేనప్పుడు పావురం విసుగూ విరామమూ లేకుండా పొడుస్తూ పోతుంది. గింజ పడడం మానేసిన తర్వాత కూడా చాలాసేపు మానదు.

వేటగాళ్ల తంతులు పావురాల తంతులకు తీసిపోవు. జపానులో 2004లో మొదలైన ‘మాన్‌స్టర్ హంటర్’ ఆటలవల్ల ఒక మాట ప్రచారంలోకి వచ్చింది: ‘బుత్సుయోకు సెన్సార్’, అంటే వస్తుకాంక్షను పసిగట్టే యంత్రం. ఆటలో ఎక్కడో అటువంటి యంత్రం దాగి ఉన్నదనీ, మనకు ఏ వస్తువు కావాలో అది మనసులోనుంచి గ్రహించి, ఆ ఒక్కటి తప్ప తక్కినవన్నీ ఇస్తుందనీ చమత్కారం. అందుచేత కావలసినదాని పేరు పైకి అనరాదు, వద్దనుకొన్నట్లు నటించాలి. బయలుదేరినవాణ్ణి ‘ఎక్కడికి?’ అని అడగకూడదని నమ్మే మన ఇళ్లలో ఈ జపాను యంత్రం పరాయిదిగా తోచదు.

అయితే అన్ని నమ్మకాలూ వట్టివి కావు. 2000 డిసెంబరులో సెగా కంపెనీ విడుదల చేసిన ‘ఫాంటసీ స్టార్ ఆన్‌లైన్’లో, పాత్రకు పెట్టిన పేరులోని అక్షరాలను యంత్రం అంకెలుగా మార్చి, కూడి, ఆ పాత్రను పది రంగుల వర్గాలలో ఒకదానిలో చేర్చేది. ఏ రాక్షసుడినుంచి ఏ అరుదైన వస్తువు రాలాలన్నది ఆ వర్గాన్ని బట్టి ఉండేది. జట్టుగా ఆడితే, ఆట ప్రారంభించినవాడి వర్గమే జట్టుకంతటికీ వర్తించేది. ఒక వర్గంవాడికి జీవితకాలం వేటాడినా దొరకనిది మరొక వర్గంవాడికి సుళువుగా దొరకవచ్చు. అశ్వినీ నక్షత్రంలో పుట్టిన బిడ్డకు చూ, చే, చో, లా అనే అక్షరాలలో ఒకదానితో పేరు పెట్టాలని మన పంచాంగం చెబుతుంది. మనకు నక్షత్రాన్ని బట్టి పేరు. వారికి పేరును బట్టి నక్షత్రం. ఆ పట్టికలు బయటపడిన తర్వాత, పెట్టుకొన్న ముద్దుపేరును వదులుకొని, కోరిన వర్గం వచ్చేలా అక్షరాలు కూడి తీసి కొత్త పాత్రలు సృష్టించుకొన్నవారు ఎందరో.

ఇంతవరకు చెప్పినదంతా ఒంటరి వేటగాడి కథ. 1999 మార్చిలో అమెరికాలో ‘ఎవర్‌క్వెస్ట్’ ప్రారంభమైనప్పుడు వేటకు సంఘం తోడయింది. టెలిఫోను తీగల ద్వారా వేలాదిమంది ఒకేసారి నోరాత్ అనే ఒకే లోకంలో సంచరించే ఆట అది. ఆ లోకంలో గుక్ అనే పాడుబడిన నగరం ఉన్నది. కప్పరూపం గల ఒక జాతివారు కట్టినది. దాని అడుగు భాగంలో ఒక పిచ్చిపిశాచం అప్పుడప్పుడు కనిపిస్తుంది. దాని దగ్గర నల్లపట్టు నడికట్టు ఒకటుంటుంది. కట్టుకొన్నవాడి చేతివేగం పెరుగుతుంది. అయితే ఆ పిశాచం ఎప్పుడూ ఉండదు. దాని చోట మామూలు పిశాచం ఒకటి నిలబడి ఉంటుంది. దానిని చంపి, దాదాపు అరగంట ఆగితే, ఆ చోట మళ్లీ ఏదో ఒకటి పుడుతుంది. చాలాసార్లు మామూలుదే. ఎప్పుడో పిచ్చిది. పిచ్చిదైనా దాని దగ్గర నడికట్టు ఉంటుందన్న హామీ లేదు.

వస్తువు ఒకటి, కావలసినవారు అనేకులు. అప్పుడు జరిగినది గమనించదగినది. ఆటగాళ్లు వరుస కట్టారు. ముందుగా వచ్చి ఆ చోట విడిది చేసినవారిదే పిశాచం. వారు లేచిపోయేటప్పుడు జాబితాలో తర్వాతివారికి చోటు అప్పగించాలి. కొత్తగా వచ్చినవాడు గట్టిగా కేకవేసి, ఎవరెవరు ఎక్కడెక్కడ విడిది చేశారో విచారించాలి. ఈ మర్యాదలను యంత్రం నిర్బంధించలేదు. పక్కవాడి పిశాచాన్ని ముందుగా కొట్టి చంపడానికి ఆటలో అడ్డమేమీ లేదు. వీధి కుళాయి దగ్గర మనిషి లేకపోయినా వరుసలో బిందె ఉంటే చాలు, ఆ చోటును ఎవరూ ఆక్రమించరు, అటువంటిదే ఇది. ఆక్రమించేవారు అక్కడా లేకపోలేదు, వారి పేరు ఊరంతా చెడేది. అరగంటకొక పిశాచం చొప్పున కూర్చున్నవారికి చేయడానికి పనేముంటుంది? మాట్లాడుకొనేవారు. ఉద్యోగాల గురించి, పిల్లల గురించి, నిద్ర చాలని రాత్రుల గురించి. నడికట్టు దొరకని విడిదిలో స్నేహితులు దొరికారని చెప్పేవారు ఆ తరం ఆటగాళ్లలో తక్కువమంది కారు.

అదే లోకంలో మహాసర్పాలను చంపాలంటే పదుల సంఖ్యలో మనుషులు కావాలి. చచ్చాక రాలేవి ఒకటి రెండు వస్తువులు. ఎవరు తీసుకోవాలి? పాచిక వేస్తే నిన్న చేరినవాడు నక్క తోక తొక్కి ఎత్తుకుపోవచ్చు. 1999లోనే ఒక దండువారు దీనికి ఖాతా పుస్తకం తెరిచారు. వచ్చి పోరాడిన ప్రతిసారి హాజరు వేసి కొన్ని పాయింట్లిస్తారు. వస్తువు రాలినప్పుడు ఆ పాయింట్లు చెల్లించి తీసుకోవాలి. ఈ పద్ధతికి ‘డ్రాగన్ కిల్ పాయింట్లు’ అని పేరు. త్వరలోనే ఇతర ఆటలకూ పాకింది. యంత్రం అదృష్టంగా ఇచ్చినదానిని మనుషులు తమలో తాము కూలిగా మార్చుకొన్నారన్నమాట. ఈ విషయంలో ఆట తయారుచేసినవారికంటె ఆడినవారే ఎక్కువ తెలివి చూపారనాలి.

కూలి అన్న తర్వాత బజారు రాక మానదు. నోరాత్ వస్తువులను ఆటగాళ్లు బయటిలోకంలో డాలర్లకు అమ్మసాగారు. కాలిఫోర్నియాలో అర్థశాస్త్రం బోధించే ఎడ్వర్డ్ కాస్ట్రొనోవా ఆ వేలంపాటల ధరలు సేకరించి 2001లో ఒక వ్యాసం ప్రకటించారు. ఆయన లెక్క ప్రకారం నోరాత్ నివాసి గంటకు సంపాదించేది దాదాపు 3.42 డాలర్లు. తలసరి స్థూల జాతీయోత్పత్తి 2,266 డాలర్లు. భూగోళం మీద ఉంటే అది రష్యాకూ బల్గేరియాకూ నడుమ 77వ స్థానంలో నిలిచే దేశం. లేని దేశంలోని లేని వస్తువులకు ఇంత ధర ఎక్కడిది? వాటి వెనుక ఉన్న గంటలు మాత్రం లేనివి కావు. ధర ఆ గంటలకే.

ఈ మాట 2005లో చైనాలోని షాంఘై నగరంలో ఘోరమైన రీతిలో రుజువయింది. ‘లెజెండ్ ఆఫ్ మీర్ 3’ అనే ఆటలో ఇద్దరు మిత్రులు కలిసి డ్రాగన్ ఖడ్గమనే అపూర్వమైన ఆయుధాన్ని సంపాదించారు. దానిని పరిచయస్తుడొకడికి ఎరువు ఇస్తే, అతడు వారికి చెప్పకుండా 7,200 యువాన్లకు అమ్మివేశాడు. నలభై దాటిన ఆ ఇద్దరిలో ఒకడు పోలీసు ఠాణాకు పోయి ఫిర్యాదు చేశాడు. ఖడ్గం నిజమైన ఆస్తి కాదు కనుక చట్టం కల్పించుకోదని జవాబు వచ్చింది. అమ్మినవాడు డబ్బు ఇస్తానన్నాడు, ఇవ్వలేదు. ఒక తెల్లవారుజామున ఫిర్యాదీ అతని ఇంటికి పోయి కత్తితో పొడిచి చంపాడు. ఈ కత్తిని చట్టం గుర్తించింది. న్యాయస్థానం మరణశిక్ష విధించి, అమలును నిలిపి ఉంచింది. 2003లోనే బీజింగులో ఒక న్యాయస్థానం, మరొక ఆటలో దొంగిలింపబడిన ఆయుధాలను ఆటగాడికి తిరిగి ఇప్పించాలని కంపెనీని ఆదేశించి ఉండడం గమనార్హం. ఆ తీర్పు షాంఘై ఠాణా దాకా చేరినట్లు లేదు.

వేటలో దొరికినదానిని కొనడం సులభమైతే ఏమవుతుందన్నది తెలుసుకోవడానికి ‘డయాబ్లో’ ఆటల చరిత్ర చూడాలి. 2000 జూన్‌లో అమెరికా కంపెనీ బ్లిజర్డ్ విడుదల చేసిన రెండవ ‘డయాబ్లో’లో బంగారం విపరీతంగా దొరికేది కనుక దానికి విలువ లేకపోయింది. ఆటగాళ్లు ‘జోర్డాన్ రాయి’ అనే అరుదైన ఉంగరాన్ని నాణెంగా వాడుకొన్నారు. అందరికీ పనికివచ్చేది, సంచిలో ఒక్క గడిలో ఇమిడేది. నాణెం అన్న తర్వాత దొంగనాణెం పుట్టక తప్పదు. యంత్రంలోని లోపాలు కనిపెట్టినవారు ఒక ఉంగరాన్ని వెయ్యి చేశారు. ఉంగరాలు ఊరికే తొలగిస్తే గగ్గోలు పుడుతుంది. 2003లో కంపెనీ ఒక ఉపాయం చేసింది. ఆటలోని వర్తకులకు ఆటగాళ్లు అమ్మిన ఉంగరాల సంఖ్య ఒక హద్దు దాటగానే, డయాబ్లో భూమి మీద సంచరిస్తున్నాడన్న ప్రకటన వెలువడుతుంది, మామూలుకంటె ఎన్నోరెట్లు బలవంతుడైన రాక్షసరాజు ప్రత్యక్షమవుతాడు. వాణ్ణి చంపినవాడికి మరెక్కడా దొరకని రక్షరేకు దక్కుతుంది. జనం తమంతట తామే ఉంగరాలు మోసుకొనిపోయి వర్తకుల పాలు చేశారు. నోట్లు ఉపసంహరించే ప్రభుత్వాలకు ఇంతటి చాకచక్యం ఉన్నట్లు వినలేదు.

అంతటి చాకచక్యం గల కంపెనీయే 2012 మే నెలలో మూడవ ‘డయాబ్లో’తో పాటు వేలంశాల నిర్మించింది. జూన్‌నుంచి అసలు డబ్బుతోనే వస్తువులు కొనవచ్చు, అమ్మవచ్చు. అమెరికాలో ఒక వస్తువుకు గరిష్ఠ ధర 250 డాలర్లు, అమ్మిన ప్రతి ఆయుధానికీ కవచానికీ కంపెనీకి ఒక డాలరు రుసుము. దొంగబజారును మూయించి, మోసాలనుంచి ఆటగాణ్ణి కాపాడడం దీని ఉద్దేశమని చెప్పారు. తర్కానికి లోటు లేదు. దున్నేవాడు దున్నుతాడు, కొనేవాడు కొంటాడు, ఇద్దరికీ లాభం.

ఆటగాళ్లు కొన్నారు. నెలరోజులు వేటాడినా దొరకని కవచం అయిదు నిమిషాలలో దొరికింది. దొరికిన కవచంతో గుహలోకి దిగితే, అక్కడ రాక్షసులనుంచి రాలేవన్నీ తాను కొన్నదానికంటె తీసికట్టువే. ఇక ఎందుకు చంపాలి? నిజంగా ఏదైనా మంచిది రాలినప్పుడు కూడా ‘నాకు దొరికింది’ అనడానికి బదులు ‘ఎంతకు పోతుంది?’ అన్న ప్రశ్న ముందు వచ్చేది. యంత్రంలో అంకె మారలేదు, అరుదైనది అరుదుగానే రాలుతున్నది. కాని ఎవరికీ గుండె కొట్టుకోవడం లేదు. రాక్షసులను చంపి సొత్తు సంపాదించడమనే ఆట ప్రాణాన్నే వేలంశాల దెబ్బతీసిందని చివరికి తయారీదారులే ఒప్పుకొన్నారు. 2013 సెప్టెంబరులో మూసివేత ప్రకటించి, 2014 మార్చి 18న తలుపులు మూశారు. అమ్మకం మీద డాలరు చొప్పున వచ్చే అంగడిని ఒక కంపెనీ తనంతట తాను మూసుకోవడం తరచుగా జరిగే పని కాదు.

మూసిన తర్వాత నియమాలు మార్చి రాశారు. మేలైన వస్తువులు మునుపటికంటె తరచుగా రాలసాగాయి. అత్యుత్తమమైనవి దొరికినవాడికే కట్టుబడి ఉంటాయి. అమ్మడానికి లేదు, పరాయివాడికి దానం చేయడానికీ లేదు. ఒకే ఒక మినహాయింపు ఉంచారు. వస్తువు రాలిన క్షణంలో పక్కన నిలిచి పోరాడిన జట్టువారికి మాత్రం దానిని ఇవ్వవచ్చు. అందుకు గడువు రెండు గంటలు.